అందుకునే గొంతు

మా మేనత్త పోయింది. ఆ కబురు నా బ్యాగులో చాలాసేపు గుర్రుమంటూనే ఉంది, నేను తీయలేదు. శనివారం సాయంత్రం కాయిర్ ప్రాక్టీసులో ఉన్నాను. మా మాస్టర్‌ది ఒకటే నియమం: పాట మొదలైతే ఫోన్లు బ్యాగుల్లో ఉండాలి, బ్యాగులు గోడ పక్కన ఉండాలి. గోడవైపు నుంచి ఆ చప్పుడు ఆగకుండా వస్తుంటే, ఎవరిదో బుద్ధిలేని ఫోను అని విసుక్కున్నాను కూడా. పాట అయ్యాక చూస్తే నాదే. అన్నీ దొడ్డబళ్ళాపురం నుంచి మా వదిన, అంటే అత్త కూతురు, చేసిన కాల్సే. తిరిగి చేస్తే ఒక్క మాటే చెప్పింది.

"అమ్మ పోయింది పాపా. మధ్యాన్నం కండెలు చుడతా చుడతా అట్లే గోడకు ఆనుకునింది. నిద్రపోతా ఉండాదేమో అనుకుంటిమి."

ఇది రాయడానికి కూర్చొని ఇప్పటికి నాలుగుసార్లు లేచాను. ఒకసారి నీళ్ళకు, ఒకసారి బాల్కనీలో బట్టలు తీయడానికి, రెండుసార్లు ఊరికే. బ్రూక్‌ఫీల్డ్‌లో మా ఫ్లాటు చిన్నది, ఎటు తిరిగినా నాలుగడుగులకు గోడ వస్తుంది. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మనసు నిమ్మళంగా ఉండాలంటారు. నాకు లేదు. నేను ఆమెకు ఒక మాట చెప్పాల్సి ఉండింది, మూడేళ్ళు చెప్పలేదు. అందుకే ఈ గోల. సరే, మొదటి నుంచి చెబుతాను.

మా అత్త మగ్గాల వీధి మనిషి. మామ పట్టుచీరలు నేసేవాడు, ఆమె మగ్గానికి కావలసిన పట్టుదారం కండెలు చుట్టేది. చేతిమగ్గాలు పోయి కరెంటు మగ్గాలు వచ్చాక ఆ వీధిలో పగలంతా దడదడే. అందులో బతికినవాళ్ళకు గొంతు తగ్గించి మాట్లాడడం రాదు. అత్త ఉప్పు అడిగినా పక్కింటివాళ్ళు తెచ్చిచ్చేవారు. "నువ్వు గుసగుసలాడితే దేవనహళ్ళిలో వినిపిస్తుందత్తా" అని నేను ఏడిపిస్తే, "వినిపించనీ, వాళ్ళకు మాత్రం పొద్దుపోవద్దా?" అనేది.

ఆ గొంతుకు సరైన చోటు ఒకటుండేది. శనివారం సాయంత్రం మగ్గాలు ఆగిపోయాక, వీధి చివర రాములవారి మందిరంలో భజన. మా నాన్నకు అక్కడే మగ్గం పని కాబట్టి నా చిన్నతనమంతా ఆ భజనలోనే గడిచింది. తెలియనివాళ్ళకు చెబుతున్నాను, భజనలో వినేవాళ్ళంటూ ఎవరూ ఉండరు. ఒకరు పాట ఎత్తుకుంటారు, ఒక్క వరుస పాడి ఆపుతారు. ఆపగానే కూర్చున్నవాళ్ళందరూ అదే వరుసను అందుకోవాలి. గొంతు బాగుందా, శ్రుతి కలిసిందా అని ఎవరూ అడగరు. అందుకోకుండా ఊరికే కూర్చుంటే మాత్రం అడుగుతారు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మొదటిసారి నన్ను పాట ఎత్తుకోమన్నారు. లేచి నిలబడి సగం వరుస పాడాను, భయంతో తక్కిన సగం గొంతులోనే ఇరుక్కుపోయింది. అప్పుడు వెనకనుంచి అత్త గొంతు లేచింది. నేను పాడిన సగం వరుసనే, అదే పూర్తి వరుస అయినట్టు, అంత ధైర్యంగా అందుకుంది. ఆమె వెనకాలే వీధి వీధంతా అందుకుంది. దాంతో నాకు తక్కిన సగం గుర్తొచ్చింది. ఇంటికొచ్చేటప్పుడు ఆమె కొంగు పట్టుకొని అడిగాను, తప్పు పాడితే కూడా ఎందుకు అందుకున్నావని.

"పాట ఎత్తుకున్నోళ్ళను ఒంటిగా నిలబెట్టగూడదే. తప్పో ఒప్పో తరవాత చూసుకోవచ్చు. ముందు అందుకోవల్ల."

ఈ మాట ఆమె ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు. పెళ్ళి మాటలు జరిగేచోట ఎవరైనా తడబడినా అనేది, వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు కొట్లాడుకుంటుంటే ఒక్కతే అయిపోయినదాని పక్క చేరి కూడా అనేది. దానివల్ల తిట్లు కూడా తిన్నది.

తరువాత నేను చదువుకున్నాను, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేరాను, సాయంత్రాలు ఒక కాయిర్‌లో చేరాను. నలభైమంది కలిసి నాలుగు రకాల గొంతులుగా విడిపోయి పాడే బృందగానం అది. అందరూ నున్నగా ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు. చిన్నప్పటి నుంచి పియానో నేర్చుకున్నవాళ్ళు, కాగితం మీద గుర్తులు చూసి పాడేవాళ్ళు. నేను చెవితో విని నేర్చుకుంటాను. రెండుసార్లు పరీక్ష పెట్టి, రెండోసారి తీసుకున్నారు. మగ్గాల వీధి గురించి, భజన గురించి అక్కడ ఎవరికీ చెప్పలేదు. "యెలహంక దాటి అటువైపు" అని ఊరుకునేదాన్ని. సిగ్గు ఎక్కువ, బుద్ధి తక్కువ నాకు.

మూడేళ్ళ కింద మా మాస్టర్ సాయంత్రం మీద ఒక పాట కట్టాడు, నాలుగు భాషల్లో నాలుగు వరుసలు. తెలుగు వరుస నాకిచ్చాడు. "పొద్దు వాలె, పిట్టలారా, గూడు చేరరే." నేనొక్కదాన్నే ముందుకొచ్చి పాడాలి. పాడాక మూడు లెక్కలు, అంటే ఒకటి రెండు మూడు అనుకునేంతసేపు, అందరూ మౌనంగా నిలబడాలి. ఆ తరువాత నలభైమంది గొంతులూ ఒక్కసారిగా లేవాలి. "ఆ మూడు లెక్కలే ఈ పాటకు ప్రాణం. ఎవరైనా ఊపిరి గట్టిగా పీల్చారో, చంపుతా" అనేవాడు మాస్టర్. నెలన్నర అదే ప్రాక్టీసు, ఊపిరి కూడా దొంగతనంగా పీల్చడం నేర్చుకున్నాం.

నేను ఒంటిగా పాడబోయేది అదే మొదటిసారి. అత్తను పిలిచాను. ఎందుకు పిలిచానంటే, మురిపించాలని. అది నిజం.

ఆమె హెబ్బాళ దగ్గర బస్సు మారి, వంకాయ రంగు పట్టుచీర కట్టుకొని వచ్చింది. మామ చేతిమగ్గం మీద నేసిన ఆఖరి చీర అది. చేతిలో బొరుగుల పొట్లం. హాలు గుమ్మం ముందు చెప్పులు విడిచి లోపలికొచ్చింది. పాటకు పోతూ ఎవరైనా చెప్పులేసుకొని పోతారా, ఆమె లెక్క అది. అంత పెద్ద అద్దాల తలుపు ముందు ఆ ఒక్క జత రబ్బరు చెప్పులు. వచ్చినవాళ్ళంతా చూసి చూసి పక్కగా అడుగేసి లోపలికి వెళుతున్నారు. నేను వాటిని చూసీ చూడనట్టు వెళ్ళిపోయాను.

పాట మొదలు కాకముందు ఒకసారి కిందికి వచ్చి ఆమెను కూర్చోబెట్టాను. మాస్టర్‌ను చూసి అడిగింది.

"ఆయప్ప ఏందే, జనాలకు వీపు చూపించుకోని నిలబడుకోని ఉండాడు? మనమీద కోపమా?"

"మెల్లగా అత్తా! ఆయన మాకు సైగలు చెయ్యాలి కదా."

"చేతులు ఊపుతా ఉండాడు కానీ తాళం యాడ ఏస్తాండాడు? ప్రసాదం ఏమన్నా ఉండాదా చివర్న?"

నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. మాట్లాడకుండా వినమని చెప్పి పైకి పోయాను.

నా వరుస వచ్చింది. ముందుకు నడిచాను. "పొద్దు వాలె" అనేసరికి గొంతు కొంచెం వణికింది, సర్దుకున్నాను. "పిట్టలారా, గూడు చేరరే." ఆపాను. మూడు లెక్కలు. ఒకటి...

రెండో లెక్కకు హాలు మధ్యలోంచి అత్త గొంతు లేచింది. "పొద్దు వాలె, పిట్టలారా, గూడు చేరరే!" మగ్గాల దడదడలో పెరిగిన గొంతు. రెండు చేతులతో తాళం కూడా వేసింది. ఎవరో కిసుక్కుమన్నారు, ఎవరో "ష్" అన్నారు, వరుసల్లో తలలన్నీ అటు తిరిగాయి. ఆమె మాత్రం నావైపే చూస్తూ, ఇక నువ్వు పాడు అన్నట్టు తల ఊపింది. మాస్టర్ చెయ్యి గాలిలో ఆగిపోయింది. మా గొంతులు అటు ఇటుగా లేచాయి, పాట ఎట్లానో ముగిసింది. నా చెవులు నిప్పుల్లా మండుతున్నాయి.

అయిపోయాక వరండాలో అందరం గుంపుగా నిలబడ్డాం. నా పక్కన పాడే అమ్మాయి అడిగింది, "హూ వాజ్ దట్ లేడీ? నీకు తెలుసా?"

"గొత్తిల్ల, యారో" అన్నాను. తెలియదు, ఎవరో. తెలుగులో కూడా కాదు, ఇంగ్లీషులో కూడా కాదు, కన్నడంలో అన్నాను. ఎందుకో ఆ క్షణానికి ఆ భాషే నోటికొచ్చింది.

తలుపు దగ్గర అత్త వంగి చెప్పులు వెతుక్కుంటోంది. ఎవరో కాలితో పక్కకు నెట్టినట్టున్నారు. ఆమె నడుము నిలబెట్టి నన్ను చూసింది. తరువాత గోడ మీదున్న బోర్డు చూసింది, చదవడం వచ్చినట్టు. మగ్గాల వల్ల ఆమెకు చెవి మందం, వినిపించి ఉండదులే అని నాకు నేను చెప్పుకున్నాను. మూడేళ్ళు అదే చెప్పుకుంటూ వచ్చాను. ఆమెకు కన్నడం నాకంటే బాగా వచ్చు.

రెండు రోజులు మా ఇంట్లో ఉంటానని వచ్చిన మనిషి, కండెల పని ఉండాదని ఆ సాయంత్రమే వెళ్ళిపోయింది. బస్సు కిటికీలోంచి బొరుగుల పొట్లం అందించింది. "గొంతెండింటాది, తిను." అంతే. ఆ పాట గురించి ఒక్క మాట లేదు. తిట్టి ఉంటే బాగుండేది. మా అత్త తిట్లు మామూలువి కావు, ఏడు తరాలు లేచొచ్చేవి. ఆ రోజు ఒక్కటీ రాలేదు.

ఇంక రాదేమో అనుకున్నాను. వచ్చింది. తరువాత జరిగిన నాలుగు కచేరీలకూ వచ్చింది, నేను చెప్పకపోయినా వదిననడిగి తేదీ తెలుసుకొని మరీ వచ్చింది. అదే వంకాయ రంగు చీర. కాళ్ళకు చెప్పులతోనే లోపలికి. ఆఖరి వరుసలో చివరి సీటు. నోట్లో కొంగు. పాట మొదలు కాకముందే కొంగు చివర ముద్ద చేసి నోట్లో కుక్కుకునేది, చప్పట్లు మొదలయ్యాక తీసేది. ఆ సాయంత్రం పాట ప్రతిసారీ ఉండేది, జనానికి నచ్చింది మరి. నేను ముందుకొచ్చి నా వరుస పాడి ఆపేదాన్ని. మూడు లెక్కల్లో నా కళ్ళు సూటిగా అక్కడికే పోయేవి. ఆమె మెడ నరాలు అంతదూరం నుంచి కూడా కనిపించేవి.

ఒకసారి అడిగాను, "ఎందుకత్తా ఆ కొంగు?"

"ఏసీ కదా. పళ్ళు జివ్వుమంటాయి నాకు."

ఆ మాటను నేను నమ్మినట్టే ఊరుకున్నాను. చూడండి, ఎంత వీలైన అబద్ధమో ఇద్దరికీ.

చెప్పాలని ప్రయత్నించలేదని కాదు. ఒకసారి దొడ్డబళ్ళాపురంలో ఆమె సంగటి కెలుకుతుంటే పక్కన నిలబడి, "అత్తా, ఆ మొదటి రోజు నేను..." అని మొదలుపెట్టాను. "ఆ గిన్నె ఇట్లా అందియ్యి" అన్నది. ఇచ్చాను. "ఆ రోజు, తలుపు దగ్గర..." అన్నాను. "నెయ్యి ఏసుకుంటావా, సాకా?" అన్నది. సాకు, చాలు అన్నాను. ఆమెకు వినడం ఇష్టం లేదా, నన్ను ఆ మాట నుంచి తప్పించాలనుకున్నదా, నాకు ఈనాటికీ తెలియదు. గట్టిగా చెయ్యి పట్టుకొని చెప్పి ఉండాల్సింది. ఇంకోసారి చెబుదాంలే అనుకున్నాను. ఇంకోసారి, ఇంకోసారి. మనుషులు ఎక్కడికి పోతారులే అన్న ధీమా.

ఆమె పోయిన వారానికే మా కచేరీ. అదే సాయంత్రం పాట. మాస్టర్ ఫోన్ చేసి, నీ వరుస ఇంకొకరికి ఇస్తానన్నాడు. వద్దన్నాను. కచేరీకి ముందు అందరం వెనక గదిలో గొంతులు సరిచేసుకుంటుంటే, అడగకుండానే చెప్పేశాను. "మూడేళ్ళ కింద హాల్లోంచి ఒకావిడ పాడింది కదా, ఎవరో తెలియదన్నాను కదా. ఆమె మా మేనత్త. నాకు పాట నేర్పింది ఆమే. పోయిన శనివారం చనిపోయింది."

మాస్టర్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఆయన మైసూరు మనిషి, పాట విషయంలో మొహమాటం లేదు.

"శ్రుతి కాస్త తగ్గింది ఆవిడది. కానీ తాళం మాత్రం తప్పలేదమ్మా. నేను లెక్కపెట్టాను" అన్నాడు.

చెప్పేస్తే బరువు దిగుతుందంటారు. నాకు దిగలేదు. ఎవరికి చెప్పాలో వాళ్ళకు కాక, వేరే నలభైమందికి చెప్పాను. నా వరుస పాడి ఆపాను. ఆఖరి వరుస చివరి సీట్లో ఎవరో కళ్ళజోడు ఆవిడ పాటల కాగితం చదువుకుంటోంది. ఒకటి. రెండు. మూడు. మాస్టర్ అనుకున్న నిశ్శబ్దం మచ్చ లేకుండా కుదిరింది. నలభైమంది గొంతులూ లేచాయి. జనం చాలాసేపు చప్పట్లు కొట్టారు. నాకు అక్కడినుంచి పారిపోవాలనిపించింది.

పదకొండో రోజు మళ్ళీ దొడ్డబళ్ళాపురం పోయాను. సాయంత్రం ఆమె పేరున మందిరంలో భజన పెట్టారు. దానికి ముందు వదిన నన్ను లోపలి గదికి పిలిచి, వంకాయ రంగు చీర చేతిలో పెట్టింది.

"ఇది నీకియ్యాలని చెప్పి ఉండింది. కొంగు చివర చూడు ఎట్లుండాదో. ఎలుక కొరికిందనుకుంటి ముందు."

కొంగు చివర జరీ నలిగి, పట్టు పలచబడి, వరసగా చిన్న చిన్న చిల్లులు. ఎలుక కాదు. పళ్ళ గుర్తులు. నాలుగు కచేరీల పళ్ళ గుర్తులు ఒకదాని మీద ఒకటి. మామ ఆఖరి చీరను ఆమె పెళ్ళిళ్ళకు కూడా మడత నలగకుండా కట్టేది.

నేను మంచం మీద కూలబడి వదినకు మొత్తం చెప్పాను. గొత్తిల్ల అన్నది కూడా చెప్పాను. వదిన ఆశ్చర్యపోలేదు.

"తెలుసులే పాపా. ఆ పొద్దు వచ్చి చెప్పింది. కానీ దానికి కాదు అమ్మ ఏడ్చింది."

"మరి?"

"నలభైమంది ఉండుకోని ఒక్కరూ అందుకోలేదే, పాప గొంతు వణికినా ఒక్కరూ రాలేదే, ఒక్కతే నిలబడిపోయిందే అని. 'పాటలో అట్లా ఆపాలంట, ఆ తరవాత తెలిసింది నాకు, నేనే చెడిపితి' అనింది. తెలిసినా మనసు ఒప్పలేదప్పా ఆయమ్మకు. ప్రతిసారీ పోయి వచ్చి అదే మాట. ఈ పొద్దు కూడా ఒక్కతినే నిలబెట్టినారే అని."

ఆమె నన్ను కాపాడడానికి లేచింది. ఎనిమిదేళ్ళప్పటి లాగే. నేను ఇది మూడేళ్ళలో ఒక్కసారైనా ఊహించలేదు. నాకు జరిగిన అవమానం గురించీ, నేను చేసిన తప్పు గురించీ ఆలోచించాను. ఆమె ఎందుకు పాడిందని మాత్రం అడగలేదు.

వదిన ఆ చీరను నా భుజాల చుట్టూ కప్పి మందిరానికి తీసుకుపోయింది. మగ్గాలు ఆపేశారు. వీధి ఆడవాళ్ళందరూ వచ్చి కూర్చున్నారు, అత్త ఎప్పుడూ కూర్చునే స్తంభం పక్క చోటు మాత్రం ఖాళీ వదిలారు. రెండు పాటలయ్యాక ఒక ముసలామె నావైపు తిరిగింది.

"మీ అత్త చెప్తా ఉండె, పెద్ద పెద్ద హాళ్ళలో పాడతావంటనే. ఒకటి ఎత్తుకో."

ఏమి పాడాలో తోచలేదు. చిన్నప్పటి భజన పాట ఒక్కటీ గుర్తు రాలేదు. నోటికి వచ్చింది ఒకటే.

"పొద్దు వాలె, పిట్టలారా, గూడు చేరరే."

ఆపాను. అలవాటు కొద్దీ మనసులో ఒకటి అనుకోబోయాను. ఒకటి కూడా పూర్తి కాలేదు. మందిరమంతా అందుకుంది. ఆ పాట ఎవరూ ఎన్నడూ విన్నవాళ్ళు కారు. ఎవరిదో శ్రుతి కింద, ఎవరిదో పైన, తాళాలు గలగలమన్నాయి. అయినా వరుస మొత్తం, ఒక్క మాట పోకుండా నా చేతికి తిరిగొచ్చింది.

ఇక నేను పాడాలి. వాళ్ళందరూ నన్నే చూస్తున్నారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుపు వినపడకూడదని చేతికందిన కొంగు చివర నోట్లో కుక్కుకున్నాను. ఆమె పళ్ళ గుర్తులున్న చోటే నా పళ్ళు పడ్డాయి.

వదిన చెయ్యి చాచి, నా నోట్లోంచి ఆ కొంగును మెల్లగా లాగేసింది.

"తియ్యి పాపా. అందరూ ఉండాము. పాడు."

తడిసిన కొంగు చివరను ఆమె తన పిడికిట్లో పట్టుకొనే కూర్చుంది, నేను రెండోసారి ఎత్తుకునేదాకా.